ఐదో సీసా

"పెట్టెలో వచ్చింది ఐదు సీసాలు. ముగ్గురికి మూడు వేసినావు. ఒకటి ఫ్రిజ్‌లో దొరికింది. ఐదోది యాడ?"

మందుల నాణ్యత తనిఖీ చేసే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ చంద్రకాంతమ్మ ఈ ప్రశ్న అడగడం అది మూడోసారి. బెంచీ చివర కూర్చున్న నిస్సీ ఈసారీ తలెత్తలేదు.

స్టేషన్ గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై అయింది. సాయంత్రం నాలుగింటికి నిస్సీని కోర్టులో హాజరు పరుస్తామని సి.ఐ. అమర్‌నాథ్ ముందే చెప్పాడు. అంటే చంద్రకాంతమ్మకు మిగిలింది ఆరు గంటల నలభై నిమిషాలు.

నిస్సీకి ముప్ఫై రెండేళ్లు. నగరి దగ్గరి ఒక పల్లెలో, ఆరోగ్య కేంద్రంలో పదకొండేళ్లుగా నర్సు. జూలై రెండో తేదీ ఉదయం ఆ పల్లెలోనే ఒక పిచ్చికుక్క లోహిత అనే ఏడేళ్ల పిల్ల చెంపనూ పెదవినీ చీల్చింది. అక్కణ్నుంచి పరుగెత్తి, మేకలు తోలుకుపోతున్న ఓబయ్య మెడ కరిచింది. ఇద్దరికీ నిస్సీయే సూదులు వేసింది. ఒకటి వ్యాక్సిన్. రెండోది గాయం చుట్టూ వేసే యాంటీబాడీ మందు. వ్యాక్సిన్ ఒంట్లో పని మొదలుపెట్టడానికి రెండు వారాలైనా పడుతుంది. అంతవరకూ మనిషిని కాపాడేది ఆ రెండో మందే. ఆ ఐదు సీసాల్లో ఉన్నదీ అదే. అది అందింది. అయినా ఓబయ్య పంతొమ్మిదిన పోయాడు. లోహిత ఇరవైన పోయింది. ఇవాళ ఇరవై నాలుగు.

"సరే, ఐదో సీసా సంగతి పక్కన పెడదాం. పాపను ఎన్ని గంటలకు తెచ్చినారు?"

"ఎనిమిదీ పదికి మేడమ్. ఏడుంబావుకు కరిచిందంట. పదిహేను నిమిషాలు సబ్బేసి కడిగినాను. ఎనిమిదీ నలభైకి సూది వేసినాను."

"గాయం చుట్టూ వేసినావా, చేతికి వేసినావా?"

"గాయం చుట్టూరానే. పెదవిలోనూ వేసినాను. ఆ బిడ్డ మాత్రం ఏడవలా. 'అక్కా, ఇస్కూలుకు పొద్దుపోతాదా' అని అడిగింది."

చంద్రకాంతమ్మ తన పుస్తకంలో పేజీ తిప్పింది.

"జూన్ ముప్ఫైన కరెంటు పోయింది గదా?"

"పదకొండు ఇరవైకి పోయి నాలుగూ ఐదుకు వచ్చిందంట. నేను ఫ్రిజ్ మూత తెరవనే లేదు మేడమ్."

"నాలుగింటికి అయిదు డిగ్రీలని ఫ్రిజ్ చార్టులో రాసినావు. ఆ నెల ముప్ఫై రోజులూ సాయంత్రం అయిదే. ఒక్కరోజన్నా నాలుగో, ఆరో లేదు."

నిస్సీ గొంతు తగ్గించి చెప్పింది. "సాయంత్రం అంకెలు మర్నాడు పొద్దున రాస్తాను. నా బస్సు నాలుగింటికి. అది పోతే ఆరు దాకా ఇంకోటి లేదు. ఆ తప్పు నాదే మేడమ్, లేదనను."

"ఐదో సీసా అమ్ముకున్నావని సి.ఐ. గారు రాసినారు."

"దేవుని తోడు, అమ్మలా."

"మరి యాడ ఉండాది?"

"అది మాత్రం అడగొద్దు మేడమ్."

తలుపు తోసుకుని అమర్‌నాథ్ లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. మూడు రోజులుగా సరిగా నిద్రలేదని కళ్లే చెబుతున్నాయి.

"చార్టు దొంగ రాతలని ఆమే ఒప్పుకుంది. కరెంటు పోయి మందు వేడికి పాడైంది, తెలిసీ వేసింది, ఇద్దరు పోయారు. ఇంకేం కావాలి మేడమ్ మీకు?"

"ఆ ఫ్రిజ్ చూడాలి."

"మావాళ్లు చూశారు."

"మీవాళ్లు మూత తీసి చూశారు. నేను అడుగు దాకా చూడాలి."

*

ఆరోగ్య కేంద్రంలో మందులగది పది అడుగుల గది. సీలు తీసేసరికి పదీ నలభై అయింది. గోడవారన పెట్టె ఆకారంలో, పైకి తెరుచుకునే ఫ్రిజ్ ఉంది. లోపలి గోడలకు మంచు కట్టి ఉండడం వల్ల కరెంటు పోయినా చాలా గంటలు చల్లగా ఉండే రకం.

చంద్రకాంతమ్మ కొంగు నడుముకు దోపుకుని బుట్టలు ఒక్కొక్కటే పైకి తీసింది. మూడో బుట్ట కింద, నెమ్ము పట్టిన అడుగున, అగ్గిపెట్టెంత తెల్లటి బిళ్ల కనబడింది. అమర్‌నాథ్ ముందుకు వంగాడు.

"ఏమిటది?"

"పది నిమిషాలకొకసారి లోపలి చలి ఎంతో తనంతట తనే రాసుకునే యంత్రం. రెండేళ్ల కిందట అన్ని కేంద్రాలకూ ఇచ్చారు. పెట్టినవాళ్లూ మర్చిపోయి ఉంటారు."

దాన్ని తుడిచి లాప్‌టాప్‌కు తగిలించింది. తెరమీద సన్నటి గీత వచ్చింది. జూన్ ముప్ఫై దగ్గర వేలు పెట్టింది.

"పదకొండు ఇరవైకి నాలుగు డిగ్రీలు. నాలుగూ ఐదుకు ఆరున్నర. ఎనిమిది దాటితే గదా మందు చెడేది. ఆ రోజే కాదు, ఏ రోజూ దాటలేదు చూడండి."

"యంత్రం తప్పు చూపించొచ్చు."

"చూపించొచ్చు. అయితే ఇది చెప్పండి. ఆ పెట్టెలో మూడో సీసా ఎవరికి వేశారు? జూలై మూడున, నగరి బస్టాండులో పూలమ్మే చిన్నబ్బకు. ఆయన్ను కరిచిన కుక్కకూ పిచ్చేనని పరీక్షలో తేలింది. కరిచింది ముఖం మీదే. అదే ఫ్రిజ్, అదే పెట్టె, వేసిన చెయ్యీ అదే. నిన్న పోయి చూసొచ్చాను, మనిషి పూలు కడుతూ ఉన్నాడు. మందు వేడికి పాడై ఉంటే ఆయన ఎట్లా బతికాడు?"

అమర్‌నాథ్ బల్లమీది వ్యాక్సిన్ రిజిస్టరు తీసి ఆమె ముందు పడేశాడు.

"దీనికి మీరు జవాబు చెప్పండి. పద్దెనిమిదిన ఒక డోసు, ఇరవై ఒకటిన ఒక డోసు. పేరు రాయాల్సిన చోట గీత గీసింది. ఐదో సీసాతో పాటు ఇవీ బయటికి పోయాయి."

ఆమె ఆ రెండు గీతలనూ చూసింది. కొట్టివేతలు లేవు. తేదీలు శుభ్రంగా ఉన్నాయి. దొంగతనం చేసేవాళ్లు తేదీ ఎందుకు రాస్తారు?

"కోర్టు పని రేపటికి పెట్టుకోండి" అంది.

"కుదరదు." అతని గొంతు పెరిగింది. "ఇరవై ఒకటిన ఊరోళ్లు ఆ పాపను రోడ్డుమీద పెట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నారు. తండ్రి నా కాళ్లు పట్టుకున్నాడు. అప్పుడు మీరు లేరు, నేనున్నాను. ఎవరో ఒకరు జవాబు చెప్పాలని నేను మాటిచ్చాను."

"ఎవరో ఒకరు కాదు అమర్‌నాథ్ గారూ, చేసినవాళ్లు చెప్పాలి."

అతను టోపీ తీసుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నాలుగింటికి."

*

లోహిత వాళ్ల ఇంట్లో మరమగ్గం ఆగిపోయి ఉంది. సగం నేసిన లుంగీ గుడ్డ అట్లాగే చుట్టుకుని ఉంది. తండ్రి ఏకాంబరం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చినా లేచే స్థితిలో లేడు. తల్లి మునిరత్నమ్మ చాప వేసింది.

"మళ్లీ మళ్లీ అడుగుతున్నందుకు ఏమనుకోవద్దమ్మా. పద్దెనిమిదో తేదీ ఏం జరిగిందో చెప్పు."

"ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగలా మేడమ్. నీళ్లంటే భయం అని మాకేం తెలుసు? తాగు బిడ్డా, తాగు బిడ్డా అని నేనే లోటా నోటికాడ పెట్టినాను. పెట్టిన ప్రతిసారీ గొంతు పట్టుకుని ఎట్లనో అయిపోతా ఉండె." మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే చేసినాను గదా ఆ పని. తెలియక చేసినాను."

చంద్రకాంతమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. మునిరత్నమ్మే మళ్లీ మొదలుపెట్టింది.

"పొద్దున ఆరూముక్కాలుకు ఎత్తుకుపోతిమి. నర్సమ్మ ఇంకా తాళం తీస్తా ఉండె. సూసిన వెంటనే ఆయమ్మకు తెలిసిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది. అది వచ్చేసరికి ఎనిమిదయింది. అంతసేపూ బిడ్డ ఎగిరెగిరి పడతా ఉండె. మేము..." ఆమె భర్త వైపు చూసింది. ఏకాంబరం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "మేము దగ్గరికి పోను భయపడితిమి మేడమ్. కన్నోళ్లం. ఆయమ్మే ఒళ్లో పెట్టుకునింది. నురగ తుడిచింది. 'నేనుండాను తల్లీ' అని చెప్తానే ఉండె."

"అప్పుడు ఆమె దగ్గర ఏమైనా వింతగా జరిగిందా?"

"ఏముంటాది? ఒకసారి మాత్రం 'అమ్మా' అని గట్టిగా అరిచింది. ఏమైందని అడిగితే సూది గుచ్చుకునింది అనింది."

"ఆమె చేతిలో సూది ఉండిందా?"

మునిరత్నమ్మ ఆలోచించింది. "లేదు మేడమ్. రెండు చేతులతోనూ బిడ్డనే పట్టుకోనుండె."

చంద్రకాంతమ్మ ఆ మాట రాసుకుంది. అప్పటికి దాని అర్థం ఆమెకు పూర్తిగా తట్టలేదు.

"నా కోపంలో నేను ఆయమ్మను కొట్టినాను" అంది మునిరత్నమ్మ. "ఈడనే, అందరి ముందరా. ఆయమ్మ చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలా. ఆయమ్మదేనా మేడమ్ తప్పు? నిజం చెప్పండి."

"సాయంత్రానికి చెప్తానమ్మా."

ఫోన్ మోగింది. ఏర్పేడు దగ్గరి పరిశోధనశాల నుంచి డాక్టర్ గిరి. పోలీసులు స్వాధీనం చేసుకున్న నాలుగో సీసాను, మృతుల నుంచీ రెండు కుక్కల నుంచీ తీసిన నమూనాలను చంద్రకాంతమ్మ మూడు రోజుల కిందట పోట్లాడి మరీ ఆయనకు పంపింది.

"మేడమ్, ఫోన్లో చెప్పేది కాదు. మీరు రావాల."

*

ఆమె ఏర్పేడు చేరేసరికి ఒకటీ యాభై. గిరి భోజనం డబ్బా కూడా విప్పకుండా ఎదురుచూస్తున్నాడు. పలచటి మనిషి, ఆతృతగా మాట్లాడతాడు.

"ముందు మందు చెడిందా లేదా చెప్పు గిరీ."

"చెడలేదు. మంచిగా ఉండాది. అదే కదా బాధ."

బల్లమీద చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక పెట్టాడు. కొన్ని గుంటల్లో పసుపు రంగు తేలింది. కొన్ని నీళ్లలా తెల్లగా ఉన్నాయి.

"ఈ వైరస్ ఒంటినిండా ఒకే రకం ప్రోటీన్ ముళ్లు ఉంటాయి మేడమ్. నరం మీద ఇంకో ప్రోటీన్ ఉంటుంది. ముల్లు పోయి దాన్ని పట్టుకుంటేనే వైరస్ నరంలోకి దూరగలదు. దూరిందంటే మెదడు దాకా పోతుంది, ఆపలేము. యాంటీబాడీ కూడా ప్రోటీనే. అది ముందుగా వచ్చి ముల్లును పట్టేసుకుంటే, ముల్లు నరానికి తగలదు."

"అర్థమైంది."

"ఈ మందు తయారుచేసినవాళ్లు తెలివిగానే చేసినారు. ఇందులో రెండు యాంటీబాడీలు ఉండాల. ఒకటి ముల్లును పైన పట్టుకుంటాది, రెండోది కింద. ఎందుకు రెండు? వైరస్ ఎప్పుడైనా మారి ఒకచోట పట్టు జారినా, రెండో పట్టు ఉంటుందని."

"మారిందా?"

"నగరి బస్టాండు కుక్కలో మారలేదు. చిన్నబ్బకు మొదటి పట్టే సరిపోయింది, బతికినాడు. ఆ పల్లె కుక్కలో మారింది. పైభాగంలో ఒకే ఒక్క చిన్న మార్పు. మొదటి యాంటీబాడీ అక్కడ పట్టుకోలేకపోయింది. పాపలోనూ ఓబయ్యలోనూ అదే వైరస్." గిరి పట్టు దొరకని తెల్లటి గుంటలవైపు చూపించాడు. "రెండోది ఉండి ఉంటే పట్టుకునేది. నా దగ్గరున్న పాత సీసాతో పరీక్షించినాను, గట్టిగా పట్టుకునింది."

"ఉండి ఉంటే?"

"ఈ సీసాలో రెండోది లేదు మేడమ్. లేబుల్ మీద ఉండాది, లోపల లేదు. చెడిపోవడం కాదు. అసలు పొయ్యనే లేదు."

చంద్రకాంతమ్మ కుర్చీలో కూర్చుంది. స్కూలుకు ఆలస్యమవుతుందని దిగులుపడిన పిల్ల గుర్తొచ్చింది. తొంభై నిమిషాల లోపే అన్నీ చేశారు. కడగవలసినంతసేపు కడిగారు. వెయ్యవలసిన చోటే వేశారు. ఆ పల్లెలో ఎవరూ ఏ పొరపాటూ చెయ్యలేదు.

"ఇదే పెట్టెలోది ఇంకా ఎవరికైనా వేసినారా?" అన్నాడు గిరి. "ఆ పల్లె వైరస్ సోకినోళ్లకు వేసుంటే, వాళ్లకు కాపలా లేనట్టే లెక్క. వ్యాక్సిన్ మొదలుపెట్టి ఏడు రోజులు దాటకపోతే మంచి మందు మళ్లీ వెయ్యొచ్చు. దాటితే ఇక వ్యాక్సిన్ మీదే భారం."

ఏడు రోజులు.

ఆమె పుస్తకం తెరిచింది. పద్దెనిమిదిన ఒక డోసు, గీత. మూడు రోజులకు, ఇరవై ఒకటిన, ఇంకో డోసు, మళ్లీ గీత. సరిగ్గా కుక్క కరిచినవాళ్లు వేయించుకునే వరుస అది. పద్దెనిమిది పొద్దున నర్సు ఒళ్లో బిడ్డ. రెండు చేతులూ బిడ్డ మీదే. చేతిలో లేని సూది గుచ్చుకుంది.

ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"అమర్‌నాథ్ గారూ, ఎక్కడున్నారు?"

"కోర్టు వరండాలో. మీరేం చెప్పినా..."

"నిస్సీ చేతులు చూడండి. మణికట్టు, మోచేయి, చేతుల పైభాగం. ఇప్పుడే."

"ఏమిటి మేడమ్ ఇది?"

"చూడండి!"

ఫోన్లో అడుగుల చప్పుడు వినిపించింది. అమర్‌నాథ్ ఏదో అడిగాడు. నిస్సీ వద్దంది. ఒక మహిళా కానిస్టేబుల్ గొంతు. తర్వాత అతనే మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

"మేడమ్." అతని గొంతు మారిపోయింది. "జాకెట్టు చెయ్యి కింద, మోచేతికి పైన. పళ్ల గుర్తులు. చిన్న పళ్లు."

"ఐదో సీసా అక్కడుంది సి.ఐ. గారూ. అమ్ముకోలేదు. తనకు తనే వేసుకుంది. పాడైన మందని తెలిసినవాళ్లు దాన్ని తమ ఒంట్లో వేసుకుంటారా?" ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పింది. "ఇవాళ ఆరో రోజు. రేపటితో గడువు ఆఖరు. జడ్జిగారి అనుమతి తీసుకుని తిరుపతికి తీసుకురండి. వేరే కంపెనీ మందు నేను సిద్ధం చేయిస్తాను."

అతను ఒక్క క్షణం కూడా వాదించలేదు.

*

అయిదూ నలభైకి తిరుపతి ఆసుపత్రిలో నిస్సీ గాయం చుట్టూ కొత్త మందు వేశారు. అమర్‌నాథ్ తలుపు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఎందుకు చెప్పలేదు?" అంది చంద్రకాంతమ్మ. "ఆ ఒక్కమాట చెప్పుంటే నిన్న నిన్ను అరెస్టు చేసేవాళ్లు కాదు."

నిస్సీ మంచం మీది దుప్పటి అంచును చేత్తో సర్దింది. "రిజిస్టర్లో రాయాలంటే ఏం కరిచిందో రాయాల గదా మేడమ్. కుక్క అని అబద్ధం రాయలేను. లోహిత అని ఎట్ల రాసేది? ఆ మాట ఊరంతా తిరుగుతాది. ఆ తల్లి చెవిన పడతాది. ఉండే ఏడుపు చాలదా ఆయమ్మకు?"

"నీకు ప్రమాదం ఉందని తెలియదా?"

"మంచి మందే గదా వేసుకున్నాను అనుకున్నాను. ఆ బిడ్డకు వేసిందే కదా అని..." అక్కడితో ఆమె మాట ఆగిపోయింది. నాలుగు రోజులుగా ఆమె ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది. చంద్రకాంతమ్మ ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

"వాళ్లమ్మకు నేను ఏం చెప్పేది నిస్సీ?"

"నా తప్పు కాదని చెప్పండి మేడమ్. అది చాలు. చెయ్యి సంగతి వద్దు."

ఆరూ పదికి, రెండు గంటలుగా ఫోన్ ఎత్తని ఢిల్లీబాబు తనే ఫోన్ చేశాడు. ఆ మందు తయారుచేసే అరణి బయోథెరపీస్‌కు తిరుపతి డిపో మేనేజరు అతను. గిరి నివేదిక కంపెనీకి చేరినట్టుంది.

"మేడమ్, నేను చిన్న ఉద్యోగిని. మే నెలలో రెండో యాంటీబాడీ తయారీ దెబ్బతినింది. ఒకటున్నా పని చేస్తాది, పంపించండి అన్నారు పైవాళ్లు. లేబుల్ మార్చలా. నేను అడిగినాను మేడమ్, ఒట్టు, అడిగినాను." అతను ఒక్క ఊపిరిన చెప్పేస్తున్నాడు. "పేపర్లో ఆ పాప ఫొటో చూసినప్పటి నుంచి నాకు అన్నం దిగడంలా."

"ఆ బ్యాచి ఇంకా ఎక్కడెక్కడికి పోయింది?"

"నగరి వైపు ఒకే పెట్టె మేడమ్. మిగతా పన్నెండూ చంద్రగిరి అవతల ఒక కేంద్రానికి."

ఆమె ఆ ఊరి పేరు రాసుకుంటుండగానే గిరి నుంచి సందేశం వచ్చింది. వారం కిందట చంద్రగిరి దగ్గర చచ్చిన ఒక కుక్క నమూనా ఫలితం ఇప్పుడే వచ్చిందట. అందులోనూ ముల్లు పైభాగం మారింది. ఆ వైరస్ అక్కడికీ చేరింది.

అమర్‌నాథ్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఆమె ముఖం చూసి ఏమీ అడగకుండా ఆ కాగితాన్నీ ఫోన్లో సందేశాన్నీ అందుకుని చదివాడు. నిస్సీ కూడా తల వంచి చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఆ ఊరి కేంద్రంలో నర్సు అక్కమ్మక్క ఉంటాది మేడమ్. నాతోనే ట్రైనింగు చేసింది. ఫోన్ ఇట్లివ్వండి."

రెండుసార్లు మోగాక అవతల ఎత్తారు. నిస్సీ స్పీకరు పెట్టింది.

"అక్కా, నేను నిస్సీని. కుక్క కాటు పెట్టెలు ఉండాయి గదా, ఇంక వాటిని ముట్టుకోవద్దు. ఎందుకని తర్వాత చెప్తా. ఇంతవరకూ ఎంతమందికి వేసినావు?"

"ఏమయింది పాపా? ఈ పది రోజుల్లో ఇరవై ఇద్దరికి వేసినాను. ఈడ కుక్కలు ఎక్కువైపోయినాయి."

"ముఖం మీద, మెడ మీద కరిచినోళ్లు ఎందరక్కా? వాళ్లలో వ్యాక్సిన్ మొదలుపెట్టి ఏడు రోజులు దాటినోళ్లు ఎందరు?"

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. అమర్‌నాథ్ జేబులోంచి కలం తీశాడు.

"ఎనిమిది మంది" అంది అక్కమ్మ. "అందులో అయిదుగురు బిడ్డలే. ముగ్గురికి ఏడు రోజులు నిన్నటితోనే దాటిపోయినాయి."